సీతమ్మగారి గాదె

పంట యింటికి వచ్చిన దినములలో గింజ విలువ మనకు కానరాదు. ఆషాఢ శ్రావణ మాసములలో, గుమ్మి యడుగున చేయి తగిలినప్పుడు అది తెలియును. అట్టి దినములందును ఆకలితో వచ్చినవానిని లేదని త్రిప్పిపంపక, అన్నము పెట్టుటనే వ్రతముగా గైకొని, అరువదియేడేండ్లు జీవించిన యొక రైతు యిల్లాలి చరిత్రమును ఈ మాసము మీకు విన్నవింపదలచితిని. ఆమె డొక్కా సీతమ్మగారు.

ఆమె మన ప్రాంతమువారు కారు. అయినను పూర్తిగా పరాయివారును కారు. మద్నూరునకు చేరువగా పాఱు మంజీర కందకుర్తి కడ గోదావరిలో కలియును. ఆ గోదావరి ధవళేశ్వరము దిగువను పాయలుగా చీలి సముద్రమును చేరు చోటనే కోనసీమ యున్నది. అందు వైనతేయ పాయ యొడ్డుననున్న లంకల గన్నవరము సీతమ్మగారి మెట్టినిల్లు. మన వాననీరు కొంత ఆమె యూరిని ఒరసికొనియే సముద్రమునకు పోవుచున్నది.

సీతమ్మగారు 1841వ సంవత్సరము అక్టోబరు మాసమున మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరము గారు, తల్లి నరసమ్మగారు. వచ్చినవారికెల్ల బువ్వ పెట్టుటచే తండ్రిని జనులు బువ్వన్న గారని పిలుచుచుండిరట. తల్లి ముందుగానే గతించుటచే ఇంటిభారము చిన్ననాడే ఈమెపై పడినది. పెద్ద బడిచదువు ఆమెకు లేదు. వచ్చినవాని ముఖము చూచి ఆకలి నెఱుగుటయే ఆమె పుట్టింట నేర్చిన విద్య.

లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారు సంపన్నులైన రైతు. ఆయన యొకమారు ప్రయాణమధ్యమున వేళ మించి ఆకలితో భవానీశంకరము గారి యింటికి వచ్చి, అచటి ఆదరణమును చూచి, ఆ పిల్లను కోరి వివాహమాడెనని చెప్పుదురు. ఇచట ఒక సంగతి గమనింపవలెను. ధవళేశ్వరముకడ కాటను దొరవారి ఆనకట్ట 1852లో పూర్తియైనది. అప్పటికి సీతమ్మగారు పదేండ్లు దాటిన బాలిక. ఆ నీటివలననే డెల్టా భూములలో వరి స్థిరపడినది, గాదెలు నిండినవి. దానగుణము ఆమెది, దానికి ఆధారము మాత్రము నీరు, నేల, రైతు కష్టము.

లంకయనగా నదిపాయల నడుమనున్న నేల. ఆ దినములలో ఒక యూరినుండి మఱియొక యూరికి పోవలెనన్న పడవయే గతి. పడవ దాటిపోయిన బాటసారి, వరదకు చిక్కినవాడు, పిల్లలతో పయనమైన తల్లి, పెండ్లివారు, యాత్రికులు, అందఱును గన్నవరము చేరి సీతమ్మగారి యిల్లు అడుగుచుండిరి. వేళయని లేదు, అర్ధరాత్రమని లేదు. కులమేదని అడుగుట లేదు. పొయ్యి మరల రాజేసి వండి వడ్డించుటయే. భర్త యందులకు అడ్డు చెప్పక తోడుపడిరి. ఇది మఱువరాదు. ఏ యింటనైనను ఒకరి చేయి పెట్టవలెనన్న, రెండవవారి మనస్సు ఒప్పవలెను.

ఆమెను గూర్చి చెప్పుకొను కథలలో నాకు మిక్కిలి ప్రియమైనది అంతర్వేది యాత్ర కథ. నరసింహస్వామి దర్శనము చేయవలెనని ఆమె చిరకాలము కోరి, తుదకు పల్లకిలో పయనమైరట. త్రోవలో విశ్రమించియుండగా, గన్నవరము వైపు పోవు పెండ్లివారు కొందఱు ఆకలికేడ్చు పిల్లలను ఊరడించుచు, కొంచెము ఓర్చుకొన్నచో సీతమ్మగారి యింట అన్నము దొరకునని చెప్పుకొనుట ఆమె చెవిని పడినది. అంతట ఆమె యాత్ర మాని బోయీలను వెనుకకు మరల్చి, వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట సిద్ధముచేయించిరట. దేవుని చూడబోయినామె ఆకలిగొన్న పిల్లలలోనే దేవుని చూచినది.

ఆమె కీర్తి దొరల చెవికిని సోకినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున 1903 జనవరి 1వ తేదీని ఢిల్లీలో దర్బారు జరిగినది. దానికి రావలసినదిగా ఆహ్వానము వచ్చినను, కీర్తికొఱకు తాను అన్నము పెట్టుట లేదని ఆమె పోలేదట. అధికారులు ఛాయాచిత్రమైనను తీయింపగా, ఆ పటమును దర్బారులో కుర్చీపై నుంచి గౌరవించిరని చెప్పుదురు. ఆ దినమున ఆమె యుండిన చోటు ఆమె వంటిల్లే.

ఆమె 1909 ఏప్రిల్ 28వ తేదీని పరమపదించిరి. గన్నవరముకడ వైనతేయపై 2000వ సంవత్సరమున పూర్తియైన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరే ఉంచినది. నీరు పాఱు కాలువకు, పిల్లలు తిను అన్నమునకు ఒకే పేరు. ఇంతకంటె తగిన స్మారకము వేఱొకటి నాకు తోచదు.

ఇక మనము లెక్క చూతము. పెండ్లి భోజనముల లెక్క మనకు తెలియును. నిత్యభోజనముల లెక్క వేఱు. ఉదాహరణముగా దినమునకు 50 మంది వత్తురనుకొందము. ఒక్కొక్కరికి పూటకు 150 గ్రాముల బియ్యము చొప్పున రెండు పూటలకు 15 కిలోలు. సంవత్సరమునకు 5,475 కిలోలు. నూఱు కిలోల వడ్లకు 67 కిలోల బియ్యము దిగుననుకొన్నచో, సుమారు 82 క్వింటాళ్ల వడ్లు. పప్పు, చింతపండు, మజ్జిగ, వంటచెఱకు ఇందులో చేరలేదు. ఒక యింటి గాదె ఇంత బరువును ఎన్నేండ్లు మోయగలదు?

మిషను బడిలో చదువునప్పుడు సారెపతు విధవరాలి కథ విన్నాను. కఱవులో ఆమె తొట్టిలోని పిండి తఱుగలేదట. అది దైవకృప. మన గుమ్మి మాత్రము తీసినకొలది తఱుగును. మరల పోసిననే నిండును. సీతమ్మగారి వంటి తల్లి ఊరూర పుట్టుననుకొనుట వట్టి యాశ. ఆమె ఒక్క చేతితో చేసినదానిని మనము పదిచేతులతో చేయవచ్చును. సహకార సంఘమునకు అర్థమిదియే. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది 1904లో. అప్పటికి ఆమె యింట పొయ్యి ఇంకను వెలుగుచునేయున్నది.

మన మద్నూరు వైపు నల్లరేగడిలో ప్రత్తి మిక్కుటము. ప్రత్తి రూపాయలిచ్చును, కాని గుమ్మి నింపదు. తొలకరికి విత్తిన ప్రత్తి కార్తికము వచ్చువఱకు తగినంత చేతికి రాదు. ఆ నడుమ గింజలు అప్పు తెచ్చుకొని, ఏరకముందే ప్రత్తిధరకు కట్టుబడిపోవు ఇంటిని చూడనివారు మీలో ఎవరున్నారు? సంఘములో 200 మంది సభ్యులుండి, పంటదినములలో ఒక్కొక్కరు 10 కిలోల జొన్నలు పోసినచో 20 క్వింటాళ్లగును. ఐదుగురున్న యింటికి దినమునకు 2 కిలోలైన, 33 ఇండ్లకు ఒక నెల గడచును. తీసికొన్నవారు పంటరాగానే కొలతకు కొలత, పైన కొంచెము చేర్చి తిరిగి పోయవలెను. ఇది భిక్షము కాదు. తినువానికి తలవంపు లేదు.

ఇది జరుగని పనియనుకొనకుడు. జహీరాబాదు ప్రాంతమున 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన స్త్రీల సంఘములు 1990ల దశకమున బీడునేలలను సాగులోనికి తెచ్చి, జొన్నలు పండించి, ఊరిలోనే నిలువచేసి, పేదలకు తక్కువ ధరకు ఇచ్చినవి. వారిలో పలువురు అక్షరము రానివారు. కొలత మాత్రము తప్పలేదు. మన సంఘములోను గింజలు కొలిచి యిచ్చు పని స్త్రీలకే అప్పగింపవలెనని నా మనవి. ఏ యింట పొయ్యి వెలుగలేదో ముందుగా తెలియునది వారికే.

నిలువ విషయమున అశ్రద్ధ కూడదు. పంటితో కొఱికిన గింజ టక్కున విఱుగునంత ఎండవలెను. సంచులను గోడకు తగులనీయక, నేలపై పలకలు పఱచి వానిమీద పేర్చవలెను. పాత సంచులను ఎండించి దులిపి వాడవలెను. పదిహేను దినములకొకమారు తెఱచి పురుగు చూడవలెను. పురుగుపట్టిన గింజను ఆకలిగొన్నవానికి పెట్టుట దానము కాదు.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తీసికొనుడు. పదికిలోలు కాకున్న ఐదుకిలోలైనను పోయుడు. సీతమ్మగారికి పూలదండ వేయుటకు గన్నవరము పోనక్కఱలేదు. శ్రావణమాసమున మన యూరిలో ఒక్క పొయ్యియు ఆఱిపోకుండ చూచుకొన్నచో చాలును.