పాట నిలుచుట యెట్లు?

పాఠశాల వార్షికోత్సవము సమీపించినపుడెల్ల పాటలు వ్రాసిన కాగితములు మా బల్లమీద చేరుచుండును. వ్రాసినవారిలో తొమ్మిదవ తరగతి బాలురు గలరు, ఉపాధ్యాయులును గలరు. అందఱును మమ్మడుగు ప్రశ్న యొక్కటే: గొప్ప పాట యనగా నేది? భావము గొప్పదైనచో పాటయు గొప్పదగునని మేమును చిరకాలము తలంచితిమి. ఆ తలంపుతోడనే కొన్నియేండ్ల క్రిందట నొక స్వాగతగీతము వ్రాసి, అర్థము వివరించి, పదునైదు దినములు నేర్పితిమి. అందు దీర్ఘసమాసములు పెక్కు. ఉత్సవము ముగిసెను, పాటయు దానితోడనే ముగిసెను. వారము తిరుగకమునుపే పిల్లలు మఱచిపోయిరి.

భావలోపమున నట్లు జరుగలేదు. పద్యమును చదువరి కన్ను కొంత మోయును. పాటను మోయునవి నోరును ఊపిరియు మాత్రమే. అవి మోయలేని బరువు నెత్తినపుడు పాట దారిలోనే దింపబడును.

దీనికి తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములకంటె మంచి నిదర్శనము మాకు కనబడదు. ఆయన 1503లో పరమపదించెను. ఆయన పాటలు రాగిరేకులపై చెక్కబడి తిరుమలలో నొక యఱలో చాలకాలము మూతపడియుండెను. 20వ శతాబ్దమున నవి వెలుగు చూచునప్పటికి రేకులపై రాగము పేరు మాత్రమే యున్నది గాని స్వరము లేదు. త్యాగరాజ కృతులకు శిష్యపరంపర నోరు తోడైనది. వీనిలో పెక్కింటికి ఆ భాగ్యమును లేకపోయెను. ఐనను అనంతపురము జిల్లా రాళ్లపల్లిలో జన్మించిన అనంతకృష్ణశర్మగారు (1893–1979) అనేక సంకీర్తనములకు మరల రాగము కూర్చగా నవి నేడు ఇంటింట వినబడుచున్నవి. బాణీ పోయినను నడక మాటలలోనే మిగిలియుండుటచేత గదా యిది సాధ్యమైనది! అన్నమాచార్యులు సంస్కృతమున సంకీర్తనలక్షణమును గూడ వ్రాసెనందురు. అది దొరకలేదు గాని మనుమడు చినతిరుమలాచార్యుడు దానిని తెనిగించిన గ్రంథము కలదు. పాటకట్టువారు దానిని చదువవలెను.

కావున పాట వ్రాసినవారు మొదట రాగమును తీసివేసి, చేతితో తాళము వేయుచు ఉత్తమాటలను పలికి చూడుడు. తాళము మాటను ఈడ్చుకొని పోవుచున్నచో మాట మార్చవలెను. తెలుగున హ్రస్వదీర్ఘములు ప్రాణము వంటివి. "కలము"ను సాగదీసిన "కాలము" అగును. "పడు" అనుదానిని సాగదీసిన "పాడు" అగును. పాశ్చాత్య రాగములకు తెనిగింపబడిన కీర్తనలను పాడునపుడు పొట్టి యక్షరము పొడుగు స్వరముక్రింద నలుగుట మన మందఱ మెఱిగినదే. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కర్ణాటక రాగములలో కట్టిన క్రైస్తవ కీర్తనలలో నీ యిబ్బంది లేదు. చదువురాని వృద్ధులును పుస్తకము లేకయే వానిని పాడుదురు.

ఇక పల్లవి. క్రొత్తగా వ్రాయువారు పల్లవిని అలంకరించి చరణములను నింపి విడుతురు. మూడు చరణముల పాటలో పల్లవి నాలుగుమార్లు వినబడునని మఱువరాదు. చరణము ముగిసి పల్లవికి వచ్చునపుడు ఆ మాటలే క్రొత్తగా తోపవలెను. "తలుపు తీయవమ్మా" అనునది పల్లవి యనుకొందము. మొదటి చరణమున బడినుండి వానలో తడిసివచ్చిన బిడ్డ పిలుచును. రెండవదానిలో ఆ బిడ్డయే పెద్దవాడై దూరదేశమునుండి వచ్చి పిలుచును. తల్లికి చెవులు సరిగా వినబడవు. మూడవదానిలో తలుపునకు బయట తాళము వేసియున్నది. మాటలు రెండే! మొదటిసారి నవ్వినవాడు నాలుగవసారి నవ్వలేడు. ఇది మేము కల్పించిన యుదాహరణమే. ఎవరైన దీనిని పూర్తిచేసిన సంతోషింతుము.

యతిప్రాసలు చెవికి ఇంపు, జ్ఞాపకమునకు ఆసరా. ప్రాసకై భావమును వంకరత్రిప్పువారికి మాత్రము మా నమస్కారము.

మా అగళి ప్రాంతము కర్ణాటకపు సరిహద్దు. పిల్లలలో ననేకులు ఇంట కన్నడము, బడిలో తెలుగు పలుకుదురు. మొన్న బోరింగు వద్ద బిందె నింపుకొనుచు నట్టి బాలిక యొకతె కూనిరాగము తీయుచుండెను. ఆలకింపగా నది మా స్వాగతగీతములోని పంక్తి! కాని అందు మేము "సమాగత బంధుజనమునకు" అని వ్రాసియుంటిమి. ఆమె పాడినది "వచ్చిన చుట్టాలకు" అని. నేర్పునాడే పిల్లలు నోరు తిరుగక ఆ మాట నట్లు మార్చుకొనగా మేము వారిని గద్దించితిమి. పాటయంతటిలో మిగిలినది ఆ యొక్క పంక్తియే.

ఈ యేడు పాటలు వ్రాయువారు కాగితమును మాకిచ్చుటకు ముందు ఆఱవ తరగతివారిచే రెండుమార్లు పాడించి, వారు తడబడినచోట గీత గీసి, వారు మార్చి పలికిన మాటను ప్రక్కన వ్రాసి తీసికొనిరండు.