పొయ్యికి మేత ఎక్కడ ఆగింది?

పెల్లెట్ పొయ్యి మొరాయించిందంటే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే. పెట్టె నిండా పెల్లెట్లు (పొట్టును ఒత్తి చేసిన కట్టె ముక్కలు) ఉన్నాయి, లోపల మంట లేదు, పెల్లెట్లను తోసే స్క్రూ కదలడం లేదు. వెంటనే అందరి అనుమానం మోటారు మీదికి పోతుంది. కానీ మేత ఆగిన పొయ్యిలో వెతకాల్సిన చోట్లలో మోటారు చిట్టచివరిది. ముందు గాలి చూడాలి, తర్వాత పెల్లెట్ చూడాలి. ఈ వరస ఒక ఇంటి పొయ్యికే కాదు, ఆ యంత్రం చరిత్రకీ వర్తిస్తుంది. దానికి గట్టి సాక్ష్యం బెంగళూరులోనే ఉంది. నగరం శివారు సర్జాపురలో చలికాలపు రాత్రులు మామూలుగా 15 డిగ్రీల దాకా దిగుతాయంతే. గది వెచ్చబెట్టే పొయ్యి అక్కడెవరికీ అక్కర్లేదు. కానీ అదే నగరానికి ఇంకో కొసన, ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే భారతీయ విజ్ఞాన సంస్థలో, ఇదే పెల్లెట్‌తో వంట చేసే పొయ్యి ఒకటి రూపుదిద్దుకుంది. లక్షల ఇళ్ళకు చేరింది. తర్వాత మేత అందక చల్లారింది.

గది వెచ్చబెట్టే అసలు యంత్రం పుట్టుక అమెరికా వాయవ్య మూలన. 1973లోనూ 1979లోనూ చమురు ధరలు మండిపోయాక, కలప మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉన్న రంపపు పొట్టు విలువ అందరికీ కనిపించింది. బోయింగ్‌లో పనిచేసిన ఇంజనీరు జెర్రీ విట్‌ఫీల్డ్ 1980ల మొదట్లో సియాటిల్ ప్రాంతంలో ఇంటికి సరిపడే పెల్లెట్ పొయ్యి తయారుచేశాడు. ఆలోచన సూటిగానే ఉంటుంది. కట్టెను కొలిచి మంటలో వేయలేం. ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి పచ్చి. అదే కట్టెను పొట్టు చేసి, ఉక్కు అచ్చు రంధ్రాల్లోంచి ఒత్తితే, ఆ వేడికి కలపలోని లిగ్నిన్ మెత్తబడి తానే జిగురై పట్టేస్తుంది. 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందాన నున్నటి ముక్కలు వస్తాయి. కిలో పెల్లెట్‌లో దాదాపు 5 యూనిట్ల వేడి ఉంటుంది. ఇక పెట్టె అడుగున ఒక స్క్రూ, దానికి గేర్లున్న చిన్న మోటారు. అది నిమిషానికి ఏ రెండు మూడు చుట్లో, కాసేపు తిరిగి కాసేపు ఆగి, పెల్లెట్లను పైకెత్తి వాలు గొట్టంలోంచి మంట గిన్నెలోకి జారవిడుస్తుంది.

ఈ స్క్రూ స్వతంత్రురాలు కాదన్న సంగతి చాలామందికి తెలియదు. పొగను బయటికి లాగే ఫ్యాను సరిగా లాగకపోతే మంట వెనక్కి తిరిగి, వాలు గొట్టం మీదుగా పెట్టెలోని పెల్లెట్లను అందుకోవచ్చు. గదిలోకి కార్బన్ మోనాక్సైడ్ రావచ్చు. అందుకే చాలా పొయ్యిల్లో మోటారుకు వెళ్ళే కరెంటు ముందుగా ఒక పీడన స్విచ్చి గుండా పోతుంది. పొగదారి నుంచి సన్నటి రబ్బరు గొట్టం ఒకటి ఆ స్విచ్చికి వస్తుంది. లోపల గాలి లాగుడు చాలినంత ఉంటేనే స్విచ్చి కలుస్తుంది. తలుపు సందు ఇచ్చినా, పొగగొట్టంలో బూడిద పేరుకున్నా, పెట్టె మూత సరిగా పడకపోయినా, పెట్టె మితిమీరి వేడెక్కినా స్క్రూ ఆగుతుంది. అంటే కదలని స్క్రూ చాలాసార్లు చెడిపోయింది కాదు, చెప్పిన మాట వింటున్నది. ప్లగ్గు తీసి, పొయ్యి పూర్తిగా చల్లారాక ఆ రబ్బరు గొట్టం లాగి చూడండి. అది తగులుకునే లోహపు మొన నోట్లో బూడిద గట్టిపడి ఉండటం మామూలు. సన్నటి తీగ దూర్చి తిప్పితే పొడిపొడిగా రాలుతుంది. గొట్టంలోకి నోటితో గట్టిగా ఊదకూడదు, స్విచ్చి లోపలి పలుచటి పొర చిరుగుతుంది. ఆ స్విచ్చి రెండు తీగలనూ కలిపేసి హాయిగా వాడుకునేవాళ్ళూ ఉంటారు. పొయ్యి వెలుగుతుంది నిజమే. కాపలా ఇక ఉండదు.

మోటారు తిరుగుతున్నా మేత పడకపోతే అప్పుడు పెల్లెట్ సంగతి. గింజలు నీళ్ళలా ప్రవర్తించవని 1895లోనే జర్మన్ ఇంజనీరు యాన్సెన్ లెక్కగట్టి చూపాడు. గాదెలో ధాన్యం ఎంత ఎత్తున పోసినా, ఒక లోతు దాటాక అడుగున ఒత్తిడి పెరగదు. రాపిడి వల్ల బరువు గోడలే మోస్తాయి. పెల్లెట్ల పెట్టెలోనూ అంతే. పైన ఇంకో బస్తా పోస్తే ఆ బరువుకు కిందివి జారతాయనుకోవడం భ్రమ. పొడుగు పెల్లెట్లు ఒకదానికొకటి అడ్డంపడి అడుగున కమాను కడతాయి, దాని కింద స్క్రూ ఉత్తినే తిరుగుతుంది. యూరప్ ప్రమాణం పెల్లెట్ పొడుగు 40 మిల్లీమీటర్లకు మించవద్దని చెప్పేది ఊరికే కాదు. అదే ప్రమాణం మేలురకానికి తేమ 10 శాతం, బూడిద 0.7 శాతం దాటకూడదంటుంది. చెమ్మ తగిలిన పెల్లెట్ ఉబ్బి విడిపోయి మళ్ళీ పొట్టవుతుంది. బస్తా అడుగు నుసి స్క్రూ చుట్టూ చేరి, చెమ్మతో కలిసి, చెక్కలా బిగుస్తుంది. బూడిద ఎక్కువైతే కరిగి మంట గిన్నెలో చిట్టెం కడుతుంది, గాలి రంధ్రాలు మూసుకుంటాయి, మంట అంటుకోదు. మంట లేదని గ్రహించిన పొయ్యి మేత ఆపేస్తుంది. చూసేవారికి మాత్రం స్క్రూ చెడినట్టే ఉంటుంది.

మోటార్లు పోవా అంటారు. పోతాయి. గేరు పళ్ళు అరుగుతాయి. మోటారునీ స్క్రూనీ కలిపే మర వదులై, మోటారు గుర్రుమంటున్నా స్క్రూ నిలబడిపోతుంది. కానీ ఎందుకు పోయిందని అడగాలి. గొట్టంలో నుసి బిగిసి ఉంటే, దాన్ని తోయలేకనే పాతది అలిసిపోయింది. కొత్తదానికీ అదే గతి పడుతుంది. గొట్టం ఖాళీ చేసి, చేత్తో స్క్రూ తిప్పి చూశాకే మోటారుకు డబ్బు పెట్టాలి.

ఇప్పుడు బెంగళూరు సంగతి. భారతీయ విజ్ఞాన సంస్థ దహన ప్రయోగశాలలో ప్రొఫెసర్ హెచ్.ఎస్. ముకుంద బృందం, చమురు కంపెనీ బీపీతో కలిసి తయారుచేసిన ఊర్జా పొయ్యి 2006లో మార్కెట్లోకి వచ్చింది. అందులో స్క్రూనే లేదు. డబ్బాలో సుమారు 600 గ్రాముల పెల్లెట్లు ఒకేసారి పోసి పైనుంచి అంటిస్తే గంట సేపు వంట సాగుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఫ్యాను కొంత గాలిని అడుగు నుంచి పంపి పెల్లెట్లను వాయువుగా మారుస్తుంది, మిగతా గాలిని పై అంచు రంధ్రాల్లోంచి పంపి ఆ వాయువును మండిస్తుంది. పొగ చాలా తక్కువ. స్క్రూ, పీడన స్విచ్చి, ఇరుక్కునే గొట్టం ఒక్కటీ లేవు. స్క్రూయే అసలు దోషి అయితే ఈ పొయ్యికి మేత సమస్య రాకూడదు.

వచ్చింది. 4 లక్షలకు పైగా పొయ్యిలు అమ్ముడయ్యాయి. 2009లో వ్యాపారం పుణెకు చెందిన ఫస్ట్ ఎనర్జీ చేతికి వెళ్ళింది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో 998 ఇళ్ళను సర్వే చేసి 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కొన్నవాళ్ళలో అప్పటికి వాడుతున్నవారు 9 శాతమే. అందుకు పెద్ద కారణం పొయ్యి కాదని, వ్యవసాయ వ్యర్థాలను చౌకగా సేకరించి పెల్లెట్లు అందించే ఏర్పాటు నిలబడకపోవడమని పరిశోధకులు తేల్చారు. నాకు ఇందులో వింత కనిపించదు. వేరుశనగ పొట్టు, చెరకు పిప్పి కొనేవాడు లేనంతకాలమే చెత్త. లారీ వచ్చి తూకం వేసిన రోజు నుంచి దానికీ ధర ఉంటుంది, బాయిలర్ల యజమానులూ పోటీకి వస్తారు.

సబ్సిడీ గ్యాసు వల్లే జనం వదిలేశారని ఒక వాదన. పాక్షికంగా ఒప్పుకోవచ్చు. అయితే ఊర్జాను ఎక్కువగా కొన్నది గ్యాసు ఉన్న ఇళ్ళేనని అదే అధ్యయనం చెబుతోంది. వాళ్ళు ఖర్చు తగ్గుతుందని వచ్చారు. పొగ, ఆరోగ్యం గురించిన ప్రచారం కొనుగోలు నిర్ణయాన్ని పెద్దగా కదిలించలేదు. గ్యాసు మొదట్నుంచీ పక్కనే ఉంది. మారింది పెల్లెట్ సరఫరా. ఫ్యానులూ బ్యాటరీలూ చెడలేదా అంటే, ఫ్యాను ఉన్న ఏ పొయ్యికైనా ఆ బెడద తప్పదు. కానీ పదిలో తొమ్మిది ఇళ్ళు పొయ్యిని మూలన పెట్టడానికి ఆ మరమ్మతు ఒక్కటే కారణమనడం కష్టం.

ఇళ్ళలో నష్టపోయిన ఫస్ట్ ఎనర్జీ త్వరగానే హోటళ్ళు, పెద్ద వంటశాలల వైపు తిరిగింది. అక్కడ పోటీ సబ్సిడీ లేని వాణిజ్య గ్యాసుతో, పైగా ఒక్కో ఖాతాదారు కొనే సరుకు ఎక్కువ. కనుక సర్జాపుర చుట్టుపక్కల మెస్సుకో క్యాంటీనుకో పెల్లెట్ బర్నర్ కొనబోయేవారు బర్నర్ వివరాలు చూసే ముందు, ఆగస్టు వానల్లో బస్తాలు ఎవరు తెస్తారు, ఎంత తేమ, ఎంత బూడిద, ఏ ధరకు అన్నది అమ్మేవాడి చేత రాయించుకోండి. రాసివ్వనంటే గ్యాసుతోనే ఉండండి.