గిటార్లు గర్జిస్తే భక్తి బెదురుతుందా?

ఒక క్రైస్తవ హార్డ్ రాక్ ఆల్బంపై అభిమానుల తగవు, అదే ప్రశ్న ఎదురవుతున్న బిలాస్‌పూర్ తెలుగు కాలనీలు

పాట మొదలవుతుంది. గిటార్లు దూసుకొస్తాయి, డ్రమ్ములు ఊపందుకుంటాయి. పల్లవి దగ్గరికొచ్చేసరికి ఎవరో గుహలోంచి గుర్రుమన్నట్టు ఓ గొంతు. అది డెత్ మెటల్ గర్జన. కానీ పాట మాత్రం సిలువ గురించి. అమెరికన్ క్రైస్తవ హార్డ్ రాక్ బృందం స్ట్రైపర్ 2018లో విడుదల చేసిన 'గాడ్ డామ్ ఈవిల్' ఆల్బంలో తొలి పాట ఇది. పేరు 'టేక్ ఇట్ టు ద క్రాస్'. ఆ గర్జన విన్న క్షణం నుంచే అభిమానులు రెండు జట్లుగా చీలిపోయారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంత దుడుకా అని మురిసినవారు కొందరు. మైకేల్ స్వీట్ లాంటి తీయటి, ఎత్తయిన గొంతు ఉండగా ఈ అరువు గర్జన ఎందుకని నొచ్చుకున్నవారు మరికొందరు.

ఆల్బం పేరు ఇంకో తలనొప్పి తెచ్చిపెట్టింది. వినగానే తిట్టులా ఉంటుంది. చెడును శపించమని దేవుణ్ని వేడుకోవడమే దాని అర్థమని బృందం వివరించుకోవాల్సి వచ్చింది. అయినా వాల్‌మార్ట్ దాన్ని అమ్మకానికి పెట్టడానికి ఒప్పుకోలేదు. ప్రార్థనకు పదచ్ఛేదం చెప్పుకోవాల్సిన పరిస్థితి ఏ భక్తుడికీ సుఖంగా ఉండదు.

స్ట్రైపర్‌కు మాత్రం ఇది అలవాటే. 1980లలో కాలిఫోర్నియాలో పుట్టిన ఈ బృందం పసుపు, నలుపు చారల దుస్తులతో వేదికెక్కేది. ఆ చారలకు ఆధారం యెషయా గ్రంథం 53వ అధ్యాయం, 5వ వచనం. ఇంగ్లీషులో చారకూ, కొరడా దెబ్బ వాతకూ ఒకే మాట ఉంది. తెలుగు బైబిల్ చదివేవారికి ఆ వచనంలో దెబ్బలే కనిపిస్తాయి తప్ప చారలు కనిపించవు. శ్లేష సరిహద్దు దాటదు. కచేరీల్లో కొత్త నిబంధన ప్రతులను జనంలోకి విసరడం వారి ఆనవాయితీ. టీవీ ప్రబోధకుడు జిమ్మీ స్వాగర్ట్ దాన్ని పందుల ముందు ముత్యాలు చల్లడంతో పోల్చారు. ఆ స్వాగర్టే 1988లో సొంత పాపానికి టీవీలో కన్నీళ్లతో క్షమాపణ వేడుకోవాల్సి రావడం వేరే కథ.

1986 నాటి 'టు హెల్ విత్ ద డెవిల్' అమెరికాలో 10 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. సాతానును దేవదూతలు కిందికి తోసేస్తున్న దాని తొలి అట్ట బొమ్మపై దుమారం రేగితే, తర్వాత నల్లటి అట్ట వేశారు. అసలు దెబ్బ 1990లో తగిలింది. 'అగైనెస్ట్ ద లా' ఆల్బంలో చారలు మాయమయ్యాయి, పాటల్లో దేవుడి ప్రస్తావనా దాదాపు కనిపించలేదు. సంగీతం మెరుగైందని విన్నవారు చాలామందే ఒప్పుకున్నారు. కానీ చర్చి అభిమానులకు అది వెన్నుపోటులా తోచింది. బయటి శ్రోతలకేమో ఆసరికే ఆ తరహా రాక్ మొహం మొత్తుతోంది. రెండేళ్లకు స్వీట్ బృందాన్ని వీడారు. మళ్లీ కలిసింది 2003లో.

సరిగ్గా ఆ ఏడాదే బిలాస్‌పూర్ రైల్వే జోన్ కేంద్రమైంది. యాదృచ్ఛికమే. కానీ ఆగ్నేయ మధ్య రైల్వేకు రాజధాని లాంటి ఈ ఊరికి ఈ తగవు కొత్త కాదు. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువుల కోసం విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి తెలుగువారు ఇక్కడికి తరలివచ్చారు. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా తేలికయ్యాయి. అలా వచ్చిన పెట్టెల్లో రామాయణంతో పాటు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమూ ఉంది. అప్పటి రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ల గిటారూ, రైల్వే ఇన్‌స్టిట్యూట్ డ్యాన్సులూ పక్కవీధిలోనే. అంటే ఇక్కడి క్రైస్తవ పిల్లవాడికి గిటారు విదేశీ వింత కాదు, ఇరుగుపొరుగు వస్తువు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఫోనులో ఇంగ్లీషు రాక్. అన్నీ ఒకే చెవిలోకి.

పెద్దల అభ్యంతరాన్ని చాదస్తమని కొట్టిపారేయడం తేలిక, కానీ న్యాయం కాదు. కీర్తనలో మాటే ప్రాణం. ముసలమ్మ కూడా కళ్లు మూసుకుని గొంతు కలపగలగాలి. డ్రమ్ములు మాటను మింగేస్తే సంఘం శ్రోతల గుంపుగా మిగిలిపోతుంది. రాకు భాష రాని ఊళ్లో ఆ భయం రెట్టింపు. తెలుగు అక్షరాలు దూరమవుతున్న మూడో తరానికి, తాత భాషతో మిగిలిన బంధం కొన్ని ఇళ్లలో ఈ కీర్తనలే. అదీ చేజారితే మిగిలేది ఇంటిపేరే. పాట మారడం అక్కడ రుచికి సంబంధించిన విషయం కాదు.

కుర్రకారు వాదనకూ బలం ఉంది. ఆ పుస్తకంలోని పెద్దలు చేసిందీ ఇదే కదా. తెలుగు క్రైస్తవ కవుల్లో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803-1890) కర్ణాటక బాణీల్లో రాశారు. కీర్తన మీద రాగం, తాళం అచ్చువేసే పద్ధతి గుడి సంగీతం నుంచి తీసుకున్నదే. మిషనరీల పడమటి బాణీల పక్కన అది వేరే లోకపు సంగీతం. నేడు అదే సంప్రదాయమని కాపాడుతున్నారు. అప్పటి అరువు నేటి ఆస్తి.

ఈ వాదనలో ఒక లొసుగు మాత్రం ఉంది. చౌదరి తన వాళ్లకు తెలిసిన రాగాన్ని ఎంచుకున్నారు. ఆదివారం ప్రార్థనకు వచ్చే పాయింట్స్‌మన్ భార్యకు డెత్ మెటల్ తెలియదు. ఇంట్లో ఇయర్‌ఫోన్‌తో వినే పాటా, సంఘమంతా పాడాల్సిన పాటా ఒకటి కావు. ఆ మాటకొస్తే స్ట్రైపర్ కూడా ఆరాధన గీతాలు పాడే బృందంగా కాకుండా రాక్ బృందంగానే వేదికెక్కింది.

గర్జన గొడవ ఆ బృందాన్ని ఆపలేదు. 2020లో ఒకటి, 2022లో ఒకటి, 2024 సెప్టెంబరులో 'వెన్ వుయ్ వర్ కింగ్స్' అనే మరో ఆల్బం. గిటారిస్టు ఆజ్ ఫాక్స్ 2018లో మెదడు కణితులు బయటపడ్డాక కూడా వాయించడం మానలేదు. ఒకప్పుడు ఫైర్‌హౌస్‌లో బేస్ వాయించిన పెరీ రిచర్డ్‌సన్ 2017 నుంచి వీరితోనే ఉన్నారు. పసుపు, నలుపు చారలూ తిరిగొచ్చాయి.