కృష్ణానగర్ వీసాకు గ్యారంటీ లేదు

యాక్టర్ అవుతానంటూ హైదరాబాద్ బస్సెక్కే తమ్ముళ్లు... వాళ్ల ఖర్చులకు ఎడారిలో చెమటోడ్చే అన్నలు. తెర వెనక లెక్కలు ఇద్దరికీ తెలియాలి.

శుక్రవారం వచ్చిందంటే క్యాంపు రూముల్లో బట్టలుతుక్కోవడం, కూర వండుకోవడం, ఊరికి ఫోన్ చేయడం... ఆ తర్వాత ఓ తెలుగు సినిమా. ఫైటు వచ్చినా, పాట వచ్చినా అందరి కళ్లూ హీరో మీదే. అదే సీన్లో వెనకాల కూరగాయలమ్మే మనిషినీ, పెళ్లి పందిట్లో కూర్చున్న యాభై మందినీ, హీరో కొడితే గాల్లోకి ఎగిరే వాడినీ పట్టించుకునేదెవరు? వాళ్లలో కొందరు ఒకప్పుడు హీరో అవుదామనే ఊరొదిలి వచ్చారు.

ఇప్పుడీ సంగతి ఎందుకంటారా? తమ్ముడో, మేనల్లుడో, కొడుకో 'నేను యాక్టర్నవుతా' అని ఫోన్ చేసే రోజులివి. చేతిలో సెల్లుంది, వీడియోలు చేస్తున్నాడు, నలుగురూ బాగుందంటున్నారు. ఇక ఆ తర్వాతి మాట 'అన్నా, కొన్ని పైసలు పంపు' అన్నదే. పంపాలా వద్దా? పంపితే ఎంత? ఎవరి చేతికి? దుబాయ్‌లోనో, దమ్మామ్‌లోనో కూర్చుని ఇది తేల్చుకోవడం కష్టమే. కాదంటే వాడి మనసు విరుగుతుంది. సరేనంటే రెండేళ్ల ఓవర్‌టైం డబ్బులు ఒక్క నెలలో మాయం కావచ్చు. అందుకే ఈ పని ఎలా నడుస్తుందో ముందుగా చూద్దాం.

ఒకే సినిమా... ఇద్దరు నటులు

1978లో 'ప్రాణం ఖరీదు' విడుదలైంది. తెరమీద ఇద్దరు కొత్తవాళ్లు కనిపించారు. ఒకరు మొగల్తూరు నుంచి వెళ్లి మద్రాసు ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందిన కుర్రాడు చిరంజీవి. మరొకరు కంకిపాడుకు చెందిన కోట శ్రీనివాసరావు. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం, తీరిక దొరికితే నాటకాలు.

సినిమా వచ్చిందని మర్నాటికల్లా ఎవరి జాతకమూ మారిపోలేదు. చిరంజీవి ఏ వేషమిస్తే అది వేశారు. 'ఇది కథ కాదు' (1979)లో, 'మోసగాడు' (1980)లో విలన్. ఇంకొన్నింట్లో రెండో హీరో. ఆయన్ను పెద్ద స్టార్‌ను చేసిన 'ఖైదీ' వచ్చింది 1983లో. అంటే మొదటి సినిమాకూ దానికీ మధ్య ఐదేళ్లు. కోట సంగతి ఇంకా ఆలస్యం. 1985లో 'ప్రతిఘటన'లో తెలంగాణ యాసతో మాట్లాడే మంత్రి వేషం వేశాకే జనం ఆయన్ను గుర్తుపట్టారు. 1987లో 'అహ నా పెళ్లంట' పిసినారి పాత్రతో ఇంటింటి మనిషయ్యారు. 2015లో పద్మశ్రీ వచ్చింది. 2025 జులైలో కన్నుమూసేదాకా ఆయన పేరు తెలియని తెలుగువాడు లేడు.

రవితేజ కథా ఇంతే. కొన్నేళ్లు చిన్నా చితకా వేషాలు, మరోపక్క అసిస్టెంట్ డైరెక్టర్‌గా చాకిరీ. 1997లో 'సిందూరం'లో చెప్పుకోదగ్గ పాత్ర, 1999లో 'నీ కోసం'తో హీరో వేషం, 2001లో 'ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం'తో హిట్టు. 2002లో వచ్చిన 'ఖడ్గం'లో ఆయనది వేషాల కోసం తిరిగే కుర్రాడి పాత్రే. ఆ కష్టం ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

గెలిచినవాళ్లు కాబట్టి వీళ్ల ఆలస్యం మనకు తెలిసింది. ఐదేళ్లు, పదేళ్లు ఆగి కూడా ఏమీ దొరక్క ఊరికి మళ్లినవాళ్ల పేర్లు ఎక్కడా అచ్చుకావు.

కాల్‌షీటు ఉంటేనే కూడు

సినిమా మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తరలి వచ్చాక, కోడంబాకం కష్టాలు కూడా వెంటే వచ్చాయి. ఇక్కడ వాటి అడ్రసు కృష్ణానగర్. పక్కనే జూబ్లీహిల్స్ మేడలు, స్టూడియోలు. ఈ పక్క ఇరుకు గదులు, ఒక్కో గదిలో నలుగురైదుగురు. గల్ఫ్‌లో బంకు బెడ్ల మీద పడుకునేవాళ్లకు ఆ గది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. తెల్లారకముందే జనం రోడ్డు మీదికొస్తారు. షూటింగ్ వ్యాన్లు, బస్సులు ఎక్కించుకుపోతాయి. ఆ రోజు జాబితాలో పేరుంటే పని, లేకుంటే టీ తాగి గదికి రావడమే.

గుంపులో కనిపించే జూనియర్ ఆర్టిస్టును నిర్మాత నేరుగా పిలవడు. ఇంతమంది కావాలని ఏజెంటుకు చెబుతాడు, ఏజెంటు మనుషుల్ని తెస్తాడు. కూలీ కాల్‌షీటు లెక్కన. మీలో సప్లయ్ కంపెనీలో పనిచేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పని ఒకచోట, మనల్ని తెచ్చినవాడు మరొకడు, పైసలు వాడి చేతి మీదుగా. దీనికి యూనియన్లున్నాయి, కార్డులున్నాయి. కార్డున్న వాళ్లకే ముందు పని. ఆ కార్డూ ఊరికే రాదు.

డైలాగ్ ఉన్న వేషం దారి వేరు. దానికి ఆడిషన్లు, మేనేజర్లు, డైరెక్టర్ల ఆఫీసుల చుట్టూ తిరగడం. వేషం దొరికినా, షూటింగ్ అయినా, ఎడిటింగ్‌లో ఆ సీను ఎగిరిపోవచ్చు. ఊళ్లో అందరికీ చెప్పి, టిక్కెట్లు కొనిచ్చి థియేటర్లో కూర్చోబెడితే తెర మీద మనవాడు ఉండడు. ఈ అవమానానికి భయపడి, విడుదలయ్యేదాకా ఇంట్లో కూడా చెప్పనివాళ్లున్నారు.

ఇక షూటింగ్ ఆగిందంటే అందరి పొయ్యీ ఆగినట్టే. 2020లో కరోనా లాక్‌డౌన్ పెట్టినప్పుడు సినీ కార్మికులకు నిత్యావసరాలు పంచడానికి చిరంజీవి ముందుండి 'కరోనా క్రైసిస్ చారిటీ' నడపాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో 30 శాతం కూలి పెంపు కోసం కార్మికులు సమ్మెకు దిగారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాయి. చివరికి మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం పెంచేట్టు ఒప్పందం కుదిరింది. కోట్ల రూపాయల సినిమా అని పేపర్లో చదువుతాం. ఆ కోట్ల కింద రోజుకూలీ మీద బతికే వేలమంది ఉన్నారని ఇలాంటప్పుడే తెలుస్తుంది.

డబ్బు ఎటు నడుస్తోంది?

గల్ఫ్‌కు వచ్చేముందు మనలో ఎంతమందిమి ఏజెంట్ల చేతిలో మోసపోలేదు! చెప్పిన పని ఒకటి, ఇక్కడ దొరికింది ఇంకొకటి. సినిమా ఆశ చూపే బ్రోకర్లదీ అదే పద్ధతి. 'హీరో ఫ్రెండ్ క్యారెక్టర్, ఫుల్ లెంగ్త్, మూడు లక్షలు కడితే ఖాయం' అంటాడు. గోడ మీద పెద్ద హీరోతో దిగిన ఫొటో చూపిస్తాడు. అట్లాంటి ఫొటో ఎవరైనా దిగొచ్చు. తర్వాత ఫొటోషూట్‌కు ఇంత, రిజిస్ట్రేషన్‌కు ఇంత, డ్రెస్సులకు ఇంత... 'సినిమా మొదలవుతోంది' అన్న మాట మాత్రం నెలలు గడిచినా మొదలుకాదు.

ఒక్క గుర్తు పెట్టుకుంటే చాలు. వేషం వేయించుకున్నవాడు నటుడికి డబ్బులివ్వాలి. నటుడే ఎదురు కట్టాల్సి వస్తే అది ఉద్యోగం కాదు, బేరం. తమ్ముడు ఫోన్ చేసి 'వేషం ఖాయమైంది, డబ్బు కట్టాలి' అన్నాడంటే ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు.

వీసా ఏజెంటునైతే లైసెన్సు నంబరు అడగొచ్చు, ప్రభుత్వ ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడొచ్చు. సినిమా బ్రోకర్‌కు అలాంటి లైసెన్సేమీ ఉండదు. కాబట్టి అడగాల్సింది వేరే ఉంది. నిర్మాణ సంస్థ పేరేంటి? ఆఫీసు ఎక్కడ? అగ్రిమెంటు ఏ పేరుతో? డబ్బు మనిషి సొంత ఖాతాకు వేయమంటున్నాడా? ఈ నాలుగూ అడిగితే చాలా ఫోన్లు అక్కడికక్కడే కట్ అవుతాయి.

ఇంట్లో ఆడపిల్ల నటిస్తానంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. 2018లో తెలుగు పరిశ్రమలో వేషాల పేరిట వేధింపుల సంగతి రోడ్డుకెక్కింది. కేరళలో జస్టిస్ హేమ కమిటీ 2019లో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో బయటికొస్తే దేశమంతా నివ్వెరపోయింది. దానర్థం అమ్మాయిల్ని పంపొద్దని కాదు. ఆడిషన్ ఎక్కడ, ఏ టైముకు, వెంట ఎవరు వెళ్తున్నారు... ఇవి తెలియాలి. రాత్రిపూట హోటల్ గదికి రమ్మనే ఆడిషన్‌కు వెళ్లనక్కర్లేదు. ఇంట్లో తిడతారన్న భయం లేకుండా ఏం జరిగినా చెప్పుకునే చనువు ఆ పిల్లకు ఉండాలి.

పైకెక్కాక కూడా...

సరే, అదృష్టం కలిసొచ్చి పేరొచ్చిందనుకుందాం. కష్టాలు తీరినట్టేనా? 'పోతన', 'త్యాగయ్య', 'యోగి వేమన'గా జనం చేత దండాలు పెట్టించుకున్న చిత్తూరు నాగయ్య గొప్ప సంపాదన చూసినవారే. 1973లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగల్లేదు. మహానటి సావిత్రి సొంత సినిమాల వల్ల, నమ్మినవాళ్ల వల్ల ఆస్తులు పోగొట్టుకుని, నెలల తరబడి కోమాలో ఉండి 1981 డిసెంబర్ 26న కన్నుమూశారు. మన కోదాడ దగ్గరి గుడిబండ బిడ్డ కాంతారావు జానపద సినిమాల్లో కత్తి పట్టి వందల సినిమాలు చేశారు. సొంతంగా సినిమాలు తీసి నష్టపోయి, 2009లో పోయేదాకా డబ్బుకు ఇబ్బంది పడ్డారు.

ఈ ముగ్గురిలో నటన రాక చెడినవారు ఎవరూ లేరు. సంపాదన ఉన్నప్పుడు అది ఎప్పటికీ ఉంటుందనుకోవడం, చేయి చాచిన ప్రతివాడికీ ఇవ్వడం, సొంత సినిమాలో అంతా పెట్టేయడం వాళ్లను దెబ్బతీశాయి. గల్ఫ్ నుంచి వెళ్లి ఊళ్లో మూడంతస్తుల ఇల్లు మొదలుపెట్టి అప్పులపాలైనవాళ్లను చూసిన మనకు ఈ కథ కొత్తేమీ కాదు.

మనసుకు తగిలే దెబ్బ వేరు. 2000లో 'చిత్రం', 2001లో 'నువ్వు నేను', 'మనసంతా నువ్వే'... వరసగా మూడు హిట్లు కొట్టిన ఉదయ్‌కిరణ్ 2014 జనవరిలో 33 ఏళ్లకే ప్రాణం తీసుకున్నాడు. ఒక మనిషి అలా ఎందుకు చేస్తాడో బయటివాళ్లం ఒక్క మాటలో చెప్పలేం. కానీ అవకాశాలు తగ్గినప్పుడు ఫోను మోగకపోవడం పెద్ద బాధ అని నటులే చెబుతుంటారు. హైదరాబాద్ గదిలో ఉన్న మీ తమ్ముడు మాట తగ్గించాడంటే, 'ఛాన్స్ వచ్చిందా?' అని కాకుండా 'తిన్నావా?' అని అడగండి. మనసు మరీ బరువైతే 14416 నంబరుకు ఫోన్ చేయమనండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు.

పడి లేచినవాళ్లూ ఉన్నారు. నిర్మాత కొడుకై ఉండి కూడా జగపతిబాబు 1989 నుంచి ఎన్నో ఏళ్లు హీరోగా వెలిగి, తర్వాత వెనకబడ్డారు. 2014లో 'లెజెండ్'లో విలన్ వేషానికి ఒప్పుకున్నారు. హీరోగా చేసినవాణ్ని విలన్ వేయడమేంటని బిగుసుకుని ఉంటే, ఆ రెండో ఇన్నింగ్స్ ఉండేదే కాదు.

చేతిలో ఓ పని ఉంటే

ఒక సంగతి గమనించండి. కోట బ్యాంకు ఉద్యోగి. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు లెక్చరర్. బాబూమోహన్ రెవెన్యూ శాఖలో పనిచేశారు. 'డీజే టిల్లు', 'బలగం' సినిమాల్లో తండ్రి వేషాలతో అందరికీ దగ్గరైన మురళీధర్ గౌడ్ కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యాక ఈ దారి పట్టారు. ఇంట్లో పొయ్యి వెలుగుతుంటే మంచి వేషం కోసం ఆగొచ్చు. ఆకలితో ఉన్నవాడు అబద్ధాన్ని కూడా నమ్మేస్తాడు.

దారులూ మారాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో ఊరివాళ్లతో తీసిన 'మై విలేజ్ షో' వీడియోల్లోంచే గంగవ్వ వచ్చింది. పొలం పనులు చేసుకునే మనిషి, వయసు యాభై దాటాక పేరొచ్చింది. 2020లో బిగ్‌బాస్‌కు వెళ్లింది, 'లవ్ స్టోరీ' లాంటి సినిమాల్లో కనిపించింది. ఆమె ఎవరికీ లక్షలు కట్టలేదు, యాస మార్చుకోలేదు. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి ఏళ్లపాటు చిన్న కామెడీ వేషాలు వేసి, 2023లో 'బలగం'తో డైరెక్టర్ అయ్యారు. పల్లె చావు ఇంటి కథను మన మాటలోనే చెప్పారు.

నేర్చుకోవాలనే పట్టుదల ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాటకరంగ కోర్సుంది. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, పుణెలో ఫిలిం ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. సీటు తేలిగ్గా రాదు, కానీ అక్కడ కట్టే ఫీజుకు చదువైనా మిగులుతుంది.

పంపే ముందు ఈ మాట

తమ్ముణ్ని ఒక్కసారిగా కాదనకండి. మీరు ఊరొదిలి వస్తానన్నప్పుడు ఇంట్లో ఎవరైనా అడ్డం చెబితే ఎట్లా ఉండేదో గుర్తుచేసుకోండి. అట్లాగని భూమి కుదవ పెట్టో, చెల్లె పెళ్లికి దాచిందో తీసి పంపకండి. 'రెండేళ్లు చూడు. గది కిరాయి, తిండి ఖర్చులో సగం నేనిస్తా, సగం నువ్వు ఏదైనా పని చేసి సంపాదించు. వేషం కోసం మాత్రం ఎవరికీ ఒక్క రూపాయి కట్టేది లేదు' అని ఫోన్లోనే మాట తీసుకోండి. రెండేళ్లు నిండేలోగా ఇంకో దారి పట్టాలనిపిస్తే, సిగ్గుపడకుండా ఇంటికి రావచ్చని కూడా చెప్పండి. వాడు బస్సెక్కే ముందు వినాల్సిన మాట అదే.