పాఠం తమిళంలో, పాట తెలుగులో

బదిలీ మీద చెన్నై చేరిన మనం సంగీతం క్లాసుకు వెళ్తే పాఠం తమిళంలో సాగుతుంది. అర్థం కాక మానేద్దామనిపిస్తుంది. మానవద్దు, కారణం ఉంది.

కర్ణాటక సంగీతంలో మొదట నేర్చేవి సరళీ స్వరాలు. వాటిలో మాటలే ఉండవు. స రి గ మ ప ద ని అనే ఏడు స్వరాలు ఏ భాషవారికైనా ఒకటే. చెవితో విని, చేత్తో తాళం వేస్తూ పాడితే చాలు. టీచరు చెప్పే మాటల్లోనూ కొన్ని మనకు తెలిసినవే. తమిళంలో 'పాడు' అన్నా పాడమనే! 'మెదువా' అంటే మెల్లగా, 'తిరుంబ' అంటే మళ్ళీ. ఇలా రోజుకు రెండు మాటలు పుస్తకంలో రాసుకుందాం.

కొన్నాళ్ళకు త్యాగరాజు కీర్తనలు వస్తాయి. ఆయన (1767–1847) తమిళనాట తిరువైయారులో ఉండి ఎక్కువగా తెలుగులోనే రచించారు. అప్పుడు పక్కనున్న తమిళ విద్యార్థికి పాటే పరభాష. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం. అందుకే వారి సంగీత పుస్తకాల్లో తేడా తెలిపేందుకు అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. మాట ఎక్కడ ముగుస్తుందో తెలియకపోతే మధ్యలో ఊపిరి తీసుకుని అర్థం చెడగొట్టే ప్రమాదమూ ఉంది.

అక్కడ మన తెలుగు పనికొస్తుంది. ఉచ్చారణ, పదవిభాగం మనం చెబుదాం. టీచరు చెప్పింది వారు మనకు చెబుతారు. కొత్త ఊళ్ళో స్నేహానికి ఇంతకంటే ఏం కావాలి?