హాట్ టబ్‌కి క్లోరినా, బ్రోమినా?

అమెరికాలో ఎన్నో ఇళ్ల పెరట్లో హాట్ టబ్ ఉంటుంది. నీళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతాయి. మనకు హాయే, కానీ లెజియొనెల్లా లాంటి బ్యాక్టీరియాకూ ఆ వెచ్చదనం ఇష్టమే! అందుకే నీళ్లలో మందు కలపాలి. క్లోరిన్ చవక, చురుకైనది. అయితే వేడికి, బుడగల తాకిడికి త్వరగా తగ్గిపోతుంది. చెమటలోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమిన్‌గా మారి బలం కోల్పోతుంది. టబ్ దగ్గర వచ్చే ఘాటు వాసన ఈ క్లోరమిన్‌దే. బ్రోమిన్ కూడా అలాగే బ్రోమమిన్ అవుతుంది, కానీ క్రిముల్ని చంపుతూనే ఉంటుంది. ఎండకు మాత్రం నిలవదు. కాబట్టి మూత వేసి ఉంచే టబ్‌కి బ్రోమినే మేలంటాను. లీటరు నీటికి 4 నుంచి 8 మిల్లీగ్రాములు ఉండాలి. పరీక్ష పట్టీ ముంచితే రంగు మారి తెలుస్తుంది. పిల్లలూ, ఈ మందుల డబ్బాలు మీరు ముట్టుకోకండి: రెండూ కలిస్తే మంటలు లేవొచ్చు.