పెరటి గాడిపొయ్యి

"ఆ యింట పొయ్యిలో పిల్లి లేవలేదు" అనే జాతీయాన్ని తరగతిలో వివరిస్తుండగా ఒక విద్యార్థి లేచి, "పొయ్యిలో పిల్లి పడుకోవడానికి చోటెక్కడ ఉంటుందండీ?" అని అడిగినాడు. తరగతి అంతా నవ్వినది. కాని ఆ ప్రశ్నలో తప్పు లేదు. గ్యాసు పొయ్యిని మాత్రమే ఎరిగిన బాలునికి, చల్లారిన బూడిదలో వెచ్చదనము కోసం ముడుచుకొని పడుకొన్న పిల్లి ఎట్లు కనబడుతుంది? దానిని అదలించి నిప్పు రాజేయడానికి గింజలైనా లేని పేదయిల్లు ఎట్లు కనబడుతుంది? వస్తువు మరుగుపడితే మాటకు చూపు పోతుంది.

నిజాంపట్నము పాత రేవు. ఐరోపా వర్తకులు పెటపోలి అని పిలిచిన ఈ యూరికి 1606లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వచ్చినారు. ఏ ఓడ ఎప్పుడు లంగరు వేసినదో చరిత్ర గ్రంథములలో దొరుకుతుంది. ఆ యూరి పెరళ్ళలో పెండ్లికో, ఊరి సంతర్పణకో గాడిపొయ్యి ఎట్లు త్రవ్వేవారో తెలుసుకోవాలంటే మాత్రము పెద్దలనే అడుగవలెను.

గాడి అనగా పొడవైన పల్లము. పశువులు మేత మేసేదీ గాడియే. బ్రతుకు "గాడి తప్పిన"దని అన్నప్పుడు వినబడేదీ ఆ మాటయే. మోకాలిలోతున నిడుపుగా త్రవ్వి, వెడల్పు మాత్రము గుండిగ అడుగుకంటె తక్కువగా ఉంచుతారు. అప్పుడు గుండిగ రెండు గట్లమీద నిలిచి, దాని క్రింద మంట పారుతుంది. తీరపు నేల ఇసుక నేల. ఊరక త్రవ్వితే కూలిపోతుంది. కనుక నీరు చల్లి తడిపి, గట్లకు ఇటుకలు చేర్చి, బంకమన్ను మెత్తుతారు. మట్టిగోడలు వేడిని పట్టి ఉంచుతాయి. అందుచేత మంట తగ్గినా ఎసరు తెర్లుతూనే ఉంటుంది.

ఇందులో అసలు నేర్పు గాలిని ఎరుగుటలో ఉన్నది. తెల్లవారుజామున గాలి నేలమీదినుండి సముద్రానికి వీస్తుంది; ప్రొద్దెక్కిన పిమ్మట సముద్రము నుండి నేలమీదికి మళ్ళుతుంది. అందువల్ల గాడిని గాలివాటున త్రవ్వి, రెండు కొనలా నోళ్ళు ఉంచుతారు. గాలి వచ్చే నోట కట్టె పెట్టాలి. గాలి మళ్ళినప్పుడు కట్టె పెట్టే నోరూ మారుతుంది. ఈదర ఎక్కువైతే తడిక అడ్డము పెడతారు. మంట తగ్గించడమంటే కట్టెను వెనుకకు లాగడమే. గుండిగల అడుగున ముందే మన్ను పూస్తే మసి తేలికగా వదులుతుంది. చదువు రాని వంటవారు ఈ శాస్త్రమంతా చేతులతో చదివినారు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఏడేండ్లు. కృష్ణకు ఆవలి దరినున్న దివిసీమలో వేల ప్రాణాలు పోయినవి. మా వైపున కూడ ఎందరికో గాలివానకు కప్పులు లేచిపోయినవి. నాలుగు కుటుంబాలవారు తడిబట్టలతో మా పెరటిలో చేరినారు. గాడి త్రవ్వబోతే జానెడులోతునే నీరు ఊరినది. మా నాయనమ్మ పశువుల కొట్టపు అరుగు చూపి, "గాడి నేలలోనే ఉండాలని ఎవరన్నారురా? ఇటుకలు రెండు వరుసలు పేర్చి నేలమీదికే లేపండి" అన్నది. కట్టెలన్నీ తడిసినవి. అప్పుడామె అటకమీది గోనెసంచి దింపించినది. దానినిండా ఎండు కొబ్బరిచిప్పలు! అవి భగ్గున అంటుకొన్నవి. తడిసిన సరుగుడు కట్టెలను ఆ సెగ ప్రక్కన ఆరబెట్టి ఒక్కొక్కటే లోనికి త్రోసినారు. చీకటి పడేవేళకు అందరికీ వేడివేడి పులగము దొరికినది. మరునాడు కూడ ఆ మంట ఆరలేదు.

కళాశాలలో చేరిన తరువాత "ఆముక్తమాల్యద" చదివినాను. జడివాన రోజులలో విష్ణుచిత్తుని యింట కొబ్బరిచిప్పలను వంటచెరకుగా చేసి అతిథులకు అన్నము పెట్టినట్లు కృష్ణదేవరాయలు వర్ణించినాడు. తోటివారు దానిని వర్ణనగా చదివి సాగిపోయినారు. నాకు మాత్రము మా నాయనమ్మ గోనెసంచి కనబడినది. రాజైనా ఆయన వంటింటి సంగతి ఎరిగిన కవి.

ఇంతమాత్రాన ఆ పొయ్యిలు మరల రావలెనని నేను కోరను. ఆ పొగకు మా నాయనమ్మ కన్నులు మసకబారినవి. చివరి రోజులలో ఆమె మమ్ములను గొంతుతోనే గుర్తుపట్టేది. 1999లో రాష్ట్ర ప్రభుత్వము దీపం పథకము క్రింద పేద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు సంతోషించినవారిలో నేనొకడను. పొగ పోవలసినదే. అయితే పొగతోపాటు తెలివి కూడ పోనక్కరలేదు. ఉపాధ్యాయులు ఒక్క పూట బాలురను ఇండ్లకు పంపి, వంటింటి పాతమాటలు పెద్దలను అడిగి వ్రాసికొని రమ్మంటే చాలును.

పిల్లిని గురించి అడిగిన విద్యార్థికి ఆనాడు నేనీ పనియే ఒప్పగించినాను. అతడు మరునాడు అమ్మమ్మ నడిగి "పొంతకుండ" అనే మాట తెచ్చినాడు. పొయ్యి ప్రక్క పొంతమీద, మిగులు సెగకే కాగే నీటికుండ అది. ఈసారి తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందరూ పుస్తకాలలో వ్రాసికొన్నారు.